బోర్లా వేసిన రాయి

మొన్న పక్కింటి మాస్టారు భార్యతో కలిసి మా ఊరి పెద్ద చెరువు చూడటానికి వెళ్ళి, గట్టు మీద పాత దివాణంలో ఉన్న మ్యూజియం కూడా చూసొచ్చి, ఫోనులో ఒక ఫొటో చూపించారు. "మీ ఊరి రాయేనటండీ! ఆ తామర రేకులు చూడండి, నిన్న చెక్కినట్టున్నాయి," అన్నారు సంబరంగా. నేను రేకుల వంక చూడలేదు. కింద చీటీ చూశాను. "పొలంలో నిరుపయోగంగా పడి ఉండగా లభించినది." అద్దం కొత్తది, అక్షరాలు కొత్తవి, మాట మాత్రం అదే. నా గొంతు లేచింది. ఎనభై దాటినవాడికి ఇంత కోపం మంచిది కాదని మా ఆవిడ అంది. కాకపోవచ్చు. కానీ ఆ రాయి ఒక్క రోజు కూడా నిరుపయోగంగా పడి లేదు.

అది మా మేనత్త పెరట్లో, బావి పక్కన ఉండేది. దర్శికి అవతల, చెరువు కింద వరి, మెట్టలో మిరపా పత్తీ పండే ఊరు మాది. మేనత్త పొద్దున్నే దాని మీద బట్టలు ఉతికేది. తర్వాత కడిగి, ఎండకు ఆరాక, దాని మీదే కూర్చుని పండుమిరపకాయల తొడిమలు తీసేది. ఆ ఘాటుకు పెరడంతా తుమ్ములు. పిల్లలందరికీ స్నానాలు కూడా అక్కడే. ఆమె మా వీపులు రుద్దితే చర్మం ఊడొచ్చినంత పనయ్యేది. పైకి నున్నటి బండే గాని, అడుగున చాటంత తామర పువ్వుంది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పువ్వు పైకే ఉండేదట. "పువ్వుని తొక్కుతామా ఏందిరా? మీ మామయ్యతో పోట్లాడి, నలుగురు మనుషుల్ని పెట్టి బోర్లా వేయించా," అని నాతో చెప్పింది. ఇవాళ మాస్టారు మురిసిపోయిన ఆ రేకుల పదును ఆ పోట్లాట వల్ల మిగిలింది.

యాభైల చివర దివాణం వాళ్ళు మేడ ఖాళీ చేసి వెళ్ళాక దాన్ని మ్యూజియం చేశారు. నా దస్తూరీ బాగుంటుందని నన్ను గుమాస్తాగా పెట్టుకున్నారు. రిజిస్టరూ, చీటీలూ రాయడం నా పని. పెద్ద దొరగారు ఉమ్మిన తమ్మపడిగకు బిరుదులతో సహా నాలుగు వరుసల చీటీ రాశాను. ఆయన ఎక్కిన పల్లకీకి ఐదు వరుసలు. మోసినవాళ్ళకు ఒక్క అక్షరం లేదు. అప్పుడది తప్పని తోచలేదు, ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. మేనత్త రాయి సంగతి, ఎవరిదో చెప్పకుండా, మ్యూజియం ఆఫీసరుగారి చెవిన వేసింది నేనే, మెప్పు కోసం. ఆమె మొదట ఒప్పుకోలేదు. "నీ పేరు రాస్తారు అత్తయ్యా, వచ్చినవాళ్ళందరూ చదువుతారు," అని ఒప్పించాను. తీరా రాయి బండి దిగాక, ఇది ఎక్కడిదని ఆఫీసరుగారు అడిగితే, మా అత్త బట్టలుతికే బండండీ అనడానికి నామోషీ వేసింది. "పొలంలో పడుందండీ, ఎవరూ వాడటం లేదు," అన్నాను. "అయితే నిరుపయోగంగా అని రాయవయ్యా," అన్నారాయన. రాశాను. గుండ్రంగా, ముత్యాల్లా రాశాను.

ఏవో వంకలు చెప్పి ఆమెను చాలాకాలం అటు రానివ్వలేదు. అరవైల్లో ఒకసారి, మిరప కోతలు అయ్యాక, తనే బయల్దేరి వచ్చేసింది. చీరాల జరీ అంచు చీర, కాళ్ళకు పసుపు, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. తమ్మపడిగ దగ్గర ఆగి, "ఉమ్మిన గిన్నెకి అద్దాల పెట్టా!" అని పకపకా నవ్వింది. రాయి దగ్గర మాత్రం నవ్వు ఆపి, చీటీ మీద వేలు పెట్టి, "ఇందులో నా పేరెక్కడరా?" అంది. ఆమెకు చదువు రాదు. నేను చీటీ వంక చూస్తూ, అందులో లేని ఆమె పేరును ఇంటిపేరుతో సహా చదివి వినిపించాను. ఆమె ముఖం వెలిగిపోయింది. రేకుల మీద అరచెయ్యి ఆనించింది.

"ఏమమ్మో, ముట్టుకోమాకు! చెయ్యి తియ్యి!" అని గుమ్మం దగ్గర కాపలా అతను కేకేశాడు. పొరుగూరివాడు, ఆమె మా అత్తయ్య అని అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

"నా రాయేనయ్యా ఇది. చూడు, నా పేరు రాసుంది."

అతను వచ్చి, వంగి, కూడబలుక్కుని చదివాడు. "పేరూ లేదు గీరూ లేదు. పొలంలో నిరుపయోగంగా పడుంటే దొరికిందంట. కావాలంటే రాసిన గుమాస్తాగారు నీ పక్కనే ఉన్నారుగా, అడుగు."

ఆమె నా వైపు తిరిగింది. "నిరుపయోగం అంటే ఏంది?"

"ఎవరికీ అక్కర్లేకుండా అని, అత్తయ్యా."

ఆమె చెయ్యి తీసేసింది. "పువ్వు చెడకూడదని ఇన్నేళ్ళు బోర్లేసి ఉంచా నాయనా. ముట్టుకుంటే పాడుచేస్తానా?" అని కాపలా అతనితోనే అంది, నాతో కాదు. పోయేదాకా మా ఇంటికి వస్తూనే ఉంది, నేనూ వాళ్ళింటికి వెళ్తూనే ఉన్నాను. కానీ ఆ రోజు తర్వాత ఒక్కసారి కూడా నన్ను ఒరేయ్ అనలేదు. అన్నం వడ్డిస్తూ, "ఇంకాస్త వేసుకోండి గుమాస్తాగారూ," అనేది.

మాస్టారు వెళ్ళాక మ్యూజియానికి ఫోను చేసి, చీటీ మార్చమని గట్టిగానే అడిగాను. ఇప్పటి ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. "మీ మాట కాదనడం లేదండీ. కానీ రిజిస్టరులో స్పష్టంగా పొలమనే ఉంది, చాలా మంచి దస్తూరీ. అది తప్పనడానికి మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా?" అన్నాడు. ఒక అబద్ధపు కాగితాన్ని నమ్మి నిజం చెప్పే మనిషిని నమ్మరా అని అరిచాను. అరుస్తూ ఉండగానే అరిచేది ఎవరి మీదో తెలిసి, ఫోను పెట్టేశాను. కాలం గడిస్తే అబద్ధం దానంతటదే వెలిసిపోతుందని ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. వెలిసిపోలేదు, పాతబడి, ఆధారమై కూర్చుంది.