జెల్ల ముల్లు

కోరుట్లలో మా బిడ్డ ఇంట్లో ఈమధ్య ఒక గాజుతొట్టి పెట్టారు. అందులో రంగురంగుల చేపల మధ్య, అద్దానికి నోరానించుకుని నల్లటి జెల్ల చేప ఒకటి ఉంది. అది పాచి తినడానికే తెచ్చిందని, ఎవరినీ ఏమీ చేయదని అల్లుడు ఎంత నచ్చజెప్పినా, మనవరాలు నీళ్ళలో వేలు పెట్టినప్పుడల్లా గబుక్కున ఆ చెయ్యి వెనక్కి లాగేస్తాను.

మల్యాల దగ్గర మా ఊళ్ళో ఎండాకాలం చెరువు అడుగంటితే ఊరంతా బురదలోకి దిగేది. చేతులతో తడిమి చేపను పట్టడం, బుట్ట దూరంగా ఉంటే దాన్ని పళ్ళతో కరిచిపట్టి, రెండు చేతులతో ఇంకో చేప కోసం వెతకడం అప్పట్లో అందరూ చేసే పనే, నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. జెల్లను మాత్రం రెక్కల దగ్గరి ముళ్ళు విరవనిదే నోట పెట్టొద్దని బాపు వందసార్లు చెప్పేవాడు.

నా చిన్నప్పుడు ఒకరోజు అన్న జానెడు జెల్లను పట్టి ముళ్ళు విరవబోతున్నాడు. అంతలో నా కాళ్ళ కింద ఇంకొకటి మెదిలింది, జారిపోతుందేమోనన్న ఆత్రంతో నేనే పిలిచాను.

"అన్నా, గిక్కడ ఇంకోటున్నది, జల్ది రా."

అన్న చేతిలోదాన్ని ఆదరాబాదరాగా పళ్ళ మధ్య పెట్టుకుని వంగాడు, అది ఒక్కసారి కొట్టుకుని గొంతులోకి దూరిపోయింది. తోక పట్టి లాగితే ముళ్ళు విచ్చుకుని ఇంకా లోతుగా దిగాయి. అన్న ముఖం నల్లబడింది. బాపు ఎవరి జీపులోనో జగిత్యాల ఆస్పత్రికి తీసుకుపోయి తిరిగొచ్చేదాకా, అన్న చచ్చిపోతాడేమోనని ఒక భయం, పిలిచింది నేనేనని తెలిసిపోతుందేమోనని ఇంకో భయం, ఏది పెద్దదో ఈనాటికీ చెప్పలేను.

అన్న బతికాడు, గొంతు మాత్రం పోయింది, గుసగుసే మిగిలింది. ఎట్లా జరిగిందని బాపు ఎన్నిసార్లు అడిగినా తానే తొందరపడ్డానని చెప్పాడు.

మొన్న సిరిసిల్ల నుంచి అన్న వచ్చినప్పుడు, తాతా నీ గొంతేమైందని మనవరాలు అడిగింది. అన్న తొట్టి వైపు చూసి, నా వైపు చూశాడు.

"సర్ది పట్టింది బిడ్డా," అన్నాడు.

ఇప్పుడు చెరువు బురదలో చెయ్యి పెట్టేవాళ్ళు లేరు, చేపలు బజారులో ముక్కలుగా దొరుకుతాయి, లేదంటే అద్దం వెనకాల ఆడుకుంటాయి, పిల్లలకు వాటి ముల్లే తెలియదు. అన్న ఎక్కడ చెప్పేస్తాడోనని చిన్నతనమంతా భయపడ్డాను. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితేనే ఆయాసపడుతున్న అన్నను చూస్తుంటే, తప్పు నాదేనని నా నోటితో ఒక్కసారైనా అనకముందే వెళ్ళిపోతాడేమోనని భయమేస్తోంది.