మూత తీసిన బండి

మా నాయిన రిటైరైన తర్వాత కూడా ఖాకీ చొక్కా విడవలేదు. పెళ్ళికైనా, చావుకైనా, మేడ్చల్ మార్కెట్‌లో కూరగాయలకైనా అదే చొక్కా. అమ్మ ఒక దసరాకి తెల్ల చొక్కా కుట్టిస్తే మడత విప్పకుండా బీరువాలో పెట్టి, "గిది ఏసుకుంటే నేనెవరో నాకే ఎరుక కాదు" అన్నాడు. ఉద్యోగమంతా నిజామాబాద్ రోడ్డు మీద బస్సు నడిపిన మనిషి. ఒక మేకపిల్లకు కూడా బండి తగిలించలేదని డిపోలో అందరూ చెప్పేవారు. అంతటి మనిషి వేసుకున్న ఆ ఖాకీ చొక్కా నా ఛాంపియన్‌షిప్‌ను పోగొట్టింది. ఇన్నేళ్ళైనా తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో నేను జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. వారమంతా బాయిలర్లతో కుస్తీ పట్టి, ఆదివారం తెల్లవారగానే శామీర్‌పేట వైపు బండి తిప్పేవాణ్ణి. అక్కడి ఒక ఊళ్ళో నా డిప్లొమా దోస్తు ఉండేవాడు. నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి, అతనూ నన్ను భాయ్ అనేవాడు. వాళ్ళ ద్రాక్షతోట బోర్లు ఎండిపోయి పోయింది, రాతి స్తంభాలు మాత్రం మిగిలాయి. ఆ స్తంభాల మధ్య రేకుల షెడ్డు వేసి ట్రాక్టర్లు బాగుచేసేవాడు. ఆ షెడ్డులోనే మేమిద్దరం మా రేసు కారు తయారుచేశాం.

టూరింగ్ కార్ల పోటీ అంటే మా వైపు ఎవరికీ అర్థమయ్యేది కాదు. "యాదగిరిగుట్టకు కిరాయికి తిప్పుతరా?" అని ఒకాయన అడిగాడు. రోడ్డు మీద తిరిగే మామూలు కారే, లోపలి సీట్లూ ఏసీ పీకేసి, బోల్తా పడినా బతికేలా ఇనుప గొట్టాల పంజరం బిగించి ట్రాక్ మీద పరుగెత్తిస్తాం, ఏడాదిలో జరిగే పోటీలన్నిటి పాయింట్లు కలిపి ఛాంపియన్ని తేలుస్తారు అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పెట్టేది. అంతా విని, "మరి మైలేజీ ఎంతిస్తది?" అనేవారు.

మా నాయిన సందేహం వేరు. ఒకసారి షెడ్డుకొచ్చి, కారు చుట్టూ తిరిగి, ట్రాక్ బొమ్మ చూపించమన్నాడు. కాగితం మీద గీసి చూపించాను. వేలితో ఆ గీత వెంట ఒక చుట్టు తిరిగి మొదటికొచ్చాడు.

"అంటే ఏడికెళ్ళి బయలెల్లినవో ఆడికే వస్తవన్నట్టు."

"అవు నాయినా."

"మరి పోవుడెందుకు?"

భాయ్ పక్కకు తిరిగి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన దృష్టిలో బండి నడపడమంటే మనుషుల్ని ఎక్కించుకుని వాళ్ళ ఊళ్ళో దింపడం. ఎవరినీ ఎక్కించుకోకుండా, ఎక్కడా దింపకుండా, ఇంజన్ గొంతు పట్టుకుని పిసికినట్టు తోలడం ఆయనకు పాపంలా తోచేది. ఆయనకొక అలవాటుండేది. ట్రిప్పు ముగిసి జనమంతా దిగిపోయాక, డిపోలో కాగితాలు ఇవ్వడానికి పోయేముందు, ఇంజన్ పెట్టె మూత తెరిచేవాడు. సీసాలో నీళ్ళు ముందు చక్రాల మీద పోసేవాడు. ఎంత ఆలస్యమైనా, కండక్టర్ ఎంత తొందరపెట్టినా ఇది మానేవాడు కాదు. "పసులను ఇప్పినంక నీళ్ళు తాపమా? బండిని గూడ గంతే. జర దమ్ము తీసుకోనియ్యాలె" అనేవాడు.

రెండు వేల పన్నెండులో మా కారు బాగా కుదిరింది. చివరి పోటీ మిగిలేసరికి పాయింట్ల పట్టికలో నేను, ఒక కోయంబత్తూరు కుర్రాడు దాదాపు పక్కపక్కనే ఉన్నాం. లెక్కలన్నీ తేలి ఒక్క మాటకొచ్చాయి. చివరి రేసులో అతనికంటే ముందు నేను గీత దాటితే ఛాంపియన్ని నేను, లేకపోతే అతను. పైగా మా పాత ఇంజన్ల తరగతిని మరుసటి ఏడాది నుంచి ఎత్తేస్తున్నారని అప్పటికే చెప్పేశారు. కొత్త తరగతిలో మా బండి పస ఎంతో నాకూ భాయ్‌కీ బాగా తెలుసు. గెలిస్తే ఈసారి గెలవాలి, అంతే.

పోటీ తమిళనాడులో. మా వైపు ట్రాక్ ఎక్కడుంది? ఎప్పుడూ కారును డీసీఎం లారీ ఎక్కించి తీసుకుపోయేవాళ్ళం. బయలుదేరే ముందురోజు డీసీఎం డ్రైవర్ భార్యకు నొప్పులొచ్చాయి. భాయ్ ఫోన్లు చేసి చేసి పరేషాన్ అవుతుంటే, షెడ్డు గడప మీద చాయ్ తాగుతున్న నాయిన లేచాడు.

"నేను నడుపుత తియ్యి. ఖాళీగున్న గదా."

నాకు లోపల ఒక ఆశ మొలిచింది. దాచుకోవడమెందుకు, ఆయన ఒక్కసారి నా రేసు చూస్తే ఆ "పోవుడెందుకు" అనే మాట వెనక్కి తీసుకుంటాడనుకున్నాను. దారంతా ఆయన డీసీఎంను ఎంత మెల్లగా నడిపాడంటే, వెనక కారుకు బిగించిన పట్టీ ఒక్కటి కూడా వదులు కాలేదు. లారీలు, బస్సులు, చివరికి ఒక పెళ్ళి ట్రాక్టర్ కూడా మమ్మల్ని దాటిపోయింది. నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ట్రాక్ దగ్గర పాసులు మా ఇద్దరికే ఉన్నాయి. భాయ్ ఆయన్ను జనం కూర్చునే మెట్ల మీద నీడ చూసి కూర్చోబెట్టి, "ఈడికెళ్ళి మంచిగ కనిపిస్తది చాచా, కదలకు" అన్నాడు. ఆయన తన నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

రేసు గురించి ఎక్కువ చెప్పను. చెబితే మళ్ళీ నిద్ర పట్టదు. సగం దూరం అతను ముందు, నేను వెనక. ఒక మలుపులో అతని బండి కాస్త వెడల్పుగా పోయింది, ఆ సందులోంచి లోపలికి దూరాను. అక్కడి నుంచి చివరిదాకా అతని బండి ముక్కు నా అద్దంలోంచి కదల్లేదు. చివరి ల్యాపుల్లో ఇంజన్ వేడి ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ అంచుల్లోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. ఆపితే ఇంజన్ మిగులుతుంది, ఛాంపియన్‌షిప్ పోతుంది. ఇంజన్ పోతే పోనీ అనుకుని తొక్కాను. అతనికంటే ఒక కారు పొడవు ముందు గీత దాటాను. హెల్మెట్ లోపల చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

రేసు అయ్యాక బండ్లన్నీ ఒక కంచె లోపల నిలపాలి. అధికారులు బరువు తూచి, ఇంజన్ పరీక్షించి సరే అనేదాకా ఎవరూ వాటిని ముట్టకూడదు. టైర్లలో గాలి కూడా చూడకూడదు. నడిపినవాడైనా, బండి సొంతదారైనా అంతే. బానెట్ లోపల ఎవరూ ఏదీ మార్చలేదని నమ్మకం ఉండాలి కదా, అందుకు ఆ నియమం. నేను బండి నిలిపి, దిగి, ముగ్గురు విజేతలు నిలబడే మెట్లెక్కాను. ఎవరో మెడలో దండ వేశారు. కింద భాయ్ రెండు చేతులూ పైకెత్తి గెంతుతున్నాడు. అతని తల మీదుగా కంచె వైపు చూశాను.

నా బండి బానెట్ తెరిచి ఉంది. దాని ముందు ఒక ఖాకీ చొక్కా వంగి, ముందు చక్రాల మీద నీళ్ళు పోస్తోంది.

దండతోనే దూకి పరుగెత్తాను. "నాయినా, ముట్టకు" అని అరిచాను. ఆయన తలెత్తి, చల్లగా నా వైపు చూశాడు.

"ముట్టకుంటె ఎట్లరా? మెట్ల మీదికెళ్ళి చూసిన, పొగలొస్తున్నయ్. ఒక్కడన్న దాని మొకం చూసిండా? అందరు దండలేసుకునుడే. జర దమ్ము తీసుకోనియ్యాలె గదా."

గేటు దగ్గరి కాపలా మనిషి ఖాకీ చొక్కా చూసి, చెడిన బండ్లను లాక్కుపోయే లారీ డ్రైవరనుకుని లోపలికి వదిలాడు. మా నాయినకు తమిళం రాదు, అతనికి తెలుగు రాదు. ఇద్దరికీ ఖాకీ తెలుసు. ఆ చొక్కా ఒక్కటే ఇద్దరి మధ్యా మాట్లాడింది.

కోయంబత్తూరు జట్టు ఫిర్యాదు చేసింది. చేయకపోతే ఆశ్చర్యపోవాలి, నేనైనా చేసేవాణ్ణి. అధికారులు మమ్మల్ని గదిలోకి పిలిచారు. భాయ్ చేతులు జోడించాడు, ఆయన ఇంజన్ మీద వేలు కూడా పెట్టలేదు సార్, ముసలాయన, బస్సు డ్రైవర్, అలవాటు సార్ అని హిందీలో, ఇంగ్లీషులో, చివరికి తెలుగులో కూడా చెప్పాడు. పెద్ద అధికారి ఓపిగ్గా విన్నాడు. మీరు మోసం చేశారని మేమనడం లేదు, పరీక్షకు ముందే తెరుచుకున్న బానెట్‌ను మేమెలా నమ్మాలి చెప్పండి అన్నాడు. ఆ రేసు ఫలితాల్లోంచి నా పేరు తీసేశారు. ఛాంపియన్‌షిప్ అటు పోయింది.

నన్ను ఇప్పటికీ కాల్చేది ఇదే. ఆ అధికారి తప్పు చేయలేదు. ఆ కుర్రాడు తప్పు చేయలేదు. మా నాయిన బతుకంతా చేసిన మంచిపనే చేశాడు. కసితీరా తిట్టుకోవడానికి నాకు ఒక్క దుర్మార్గుడైనా దొరకలేదు.

బయట నాయిన డీసీఎం పక్కన నిలబడి ఉన్నాడు. "ఏమన్నరు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు భాయ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏం లేదు చాచా. పాయింట్ల హిసాబ్‌ల ఏదో ఫరక్ వచ్చిందట. మనకు రెండో జాగ ఇచ్చిండ్రు."

నాయిన అతని మొహంలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు. "ముందుగాల గీత దాటింది మనోడే గదా" అని, ఇంకేమీ అడగకుండా కారు ఎక్కించడానికి చెక్కలు దింపాడు.

తిరుగు ప్రయాణం ఎలా గడిచిందో నాకే తెలియాలి. క్యాబిన్‌లో ముగ్గురం. ఆయన అదే మెల్లని నడకతో నడుపుతూ, కర్నూలు దాటాక ఒక్కసారి మాత్రం మాట్లాడాడు. "మంచిగనే నడిపినవ్. కానీ బండిని మస్తు సతాయించినవ్." అసలు సంగతి నా నోటిదాకా వచ్చింది. భాయ్ మోకాలితో నా మోకాలిని నొక్కాడు. మింగేశాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. మేడ్చల్‌లో ఆయన చాయ్ హోటల్లో, డిపో గేటు దగ్గర, క్షౌరశాలలో, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ నా కొడుకే గెలిచిండని చెప్పుకున్నాడు. మా వీధి చివర కొత్త కాలనీలో కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులుండేవారు. వాళ్ళలో ఒక పెద్దాయన ఒక ఆదివారం భార్యతో సహా వచ్చి, "మీరు ఆలిండియా ఛాంపియన్ అంట కదండీ, మాకు చెప్పనేలేదు. కప్పేదండీ, ఒకసారి చూపిస్తారా?" అన్నాడు. నేను కప్పు షెడ్డులో ఉందన్నాను. నాయిన పక్కనే పేపర్ చదువుతూ, "ఇయ్యలేదండి ఆళ్ళు. మావోడు గెలిచింది మాత్రం నేను నా కండ్లతోటి చూసిన" అన్నాడు. లేచి లోపలికి పోయి తలుపేసుకున్నాను. ఆయన మీద అరవాలనుంది. అరిస్తే ఏమని అరవాలి, నీ వల్లే పోయింది అని ఎలా అనాలి? చెప్పినా బాధే, చెప్పకపోయినా బాధే. నెలల తరబడి ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను. ఆయన ఎందుకని అడగలేదు. అడగకపోవడం ఇంకా చిరాకు తెప్పించింది.

మరుసటి ఏడాది కొత్త తరగతిలో అదే బండితో పోయాం. పస లేదని తెలిసినా మానలేకపోయాం. డీసీఎం డ్రైవర్ కొడుకును ఎత్తుకున్న ఫొటోలు చూపిస్తూ మళ్ళీ పనిలోకి వచ్చాడు. బయలుదేరే పొద్దున భాయ్, నేను క్యాబిన్‌లో కూర్చున్నాం. అమ్మ ఇచ్చిన సద్దిమూట పట్టుకుని నాయిన వచ్చి ఎక్కాడు.

తెల్ల చొక్కా వేసుకున్నాడు. బీరువాలో మడతలు పడి, పచ్చబడిన ఆ దసరా చొక్కా. భాయ్ నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను.

ఈసారి ఆయన కోసం కూడా పాసు తెచ్చాం. ట్రాక్ దగ్గర భాయ్ దాన్ని ఆయన మెడలో వేయబోతే వద్దన్నాడు. "నేను తీగ బయటనే ఉంట. మీరు పోండ్రి" అన్నాడు. ఎంత చెప్పినా కదల్లేదు.

ఆ రేసులో ఎనిమిదో స్థానంలో వచ్చాను. ఇంజన్ మళ్ళీ వేడెక్కింది. కంచె లోపల బండి నిలిపి దిగేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. తీగ అవతల నాయిన రెండు చేతులతో కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీళ్ళ సీసా ఆయన చంకలో ఉంది. నేను దగ్గరికి పోయాను.

"ఇంజన్ మూత తీసిండ్రా?" అన్నాడు.

"ఇంకా లేదు."

"తియ్యకుండ్రి. ఆళ్ళు వచ్చి చూసేదాంక ఎవ్వరు ముట్టొద్దు. భాయ్‌కి గూడ చెప్పు."

ఎనిమిదో స్థానంలో వచ్చిన బండి అది. ఎవరు మూత తీసినా అడిగేవాడు లేడు. ఆయన మాత్రం అధికారులు వచ్చి చూసి వెళ్ళేదాకా, ఆ ఆవిరిని చూస్తూ, ఎండలో అక్కడే నిలబడ్డాడు.