రాజనర్సయ్య వెంట్రుకల సంచులు

రాజనర్సయ్య మనిషి ముఖం చూడడు, నెత్తి చూస్తాడు. ఎదుటివాడు మినిస్టరైనా సరే, మెకానిక్కైనా సరే, ముందు జుట్టు ఎంత ఒత్తుగా ఉందో అంచనా కడతాడు, తర్వాతే నమస్తే. తన నెత్తి మీద మాత్రం వెతికినా ఒక్క వెంట్రుక దొరకదు.

అమీర్‌పేటలో జిరాక్స్ దుకాణంలో పని. నోట్సు కాపీలకు వచ్చే హాస్టలు పిల్లల్ని ఎన్ని పేజీలని అడగడు, కటింగ్ ఎప్పుడని అడుగుతాడు. మొన్న పంజగుట్టలో ఒక చావు ఇంటికి పోయి, అయ్యో పాపం అనాల్సిన నోటితో, దినాల నాడు ఎంతమంది గుండు చేయించుకుంటరని అడిగాడు. పక్కనున్న భార్య భూలక్ష్మికి భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

ఇవన్నీ ఇంటి ఓనరు వజ్రమ్మకు తెలుసు. మనిషి మంచోడే, కొంచెం తిక్క, అంతే అనుకునేది. ఆ శనివారం పొద్దున వడియాలు పెడదామని మేడ మీదికి పోయింది. నీళ్ల ట్యాంకు వెనక ఆరు గోనెసంచులు కనబడ్డాయి. ఏమిటో చూద్దామని ఒకదాని మూతి విప్పి చెయ్యి పెట్టింది.

మెత్తగా తగిలింది. పైకి తీసింది. చేతినిండా మనుషుల వెంట్రుకలు! నల్లవి, తెల్లవి, గోరింటాకు పెట్టినవి. రెండో సంచిలోనూ అవే. మూడోది విప్పే ధైర్యం లేదు. చేతబడి! తన ఇంట్లో, తన నెత్తి మీద! వడియాల పిండి అక్కడే వదిలేసి మెట్లు ఎట్లా దిగిందో ఆమెకే తెలియదు.

"నర్సయ్యా, గీ ఇంట్ల ఏం జేస్తున్నవ్?" అంది, మెట్ల కింద ఎదురైన అతనితో.

రాజనర్సయ్య బిత్తరపోయి, అలవాటు కొద్దీ ఆమె నెత్తి వంక చూశాడు. ఆ చూపుతో వజ్రమ్మకు మిగిలిన ప్రాణం కూడా పోయింది. మధ్యాహ్నం చెత్త బండి వస్తుందనీ, సంచులన్నీ అందులో పడాల్సిందేననీ, సాయంత్రానికి ఇల్లు కూడా ఖాళీ చేయాల్సిందేననీ చెప్పేసింది.

ఇల్లు ఖాళీ చేయమంటే సరేనన్నాడు. సంచుల మాట వినేసరికి మాత్రం మెట్ల మీద కూలబడ్డాడు.

"రేపటికి సంచులు ఊరికి చేరకుంటే మా తమ్ముడు చేను చుట్టూ కరెంటు వైరు పెడ్తడక్కా," అన్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. తమ్ముడు మహిపాల్‌కు ఉన్నది మూడెకరాల మక్క చేను. కంకి పాలు పట్టే వేళకు అడవిపందులు దిగి ఒక్క పూటలో దున్నేస్తాయి. పోయినేడు పక్క చేనాయన వైరు పెడితే తల్లి పందీ ఏడు పిల్లలూ వరసగా చచ్చి పడి ఉన్నాయట. అది చూసి వచ్చిన రాజనర్సయ్యకు వారం రోజులు ముద్ద దిగలేదు. గట్ల మీద వెంట్రుకలు చల్లితే వాసన చూడబోయిన పంది ముక్కులో పోతాయి, అది తుమ్ముకుంటూ అడవికి మళ్లుతుంది. చేనూ బతుకుతుంది, పందీ బతుకుతుంది. కాకపోతే వాన పడ్డప్పుడల్లా మళ్లీ చల్లాలి. అందుకే సంచులు వచ్చినన్నాళ్లు వైరు ముట్టనని తమ్ముడితో ఒట్టు వేయించుకుని, ఈయన అమీర్‌పేట సెలూన్లన్నీ ఊడ్చుకొస్తున్నాడు.

"గీ ముచ్చట ముందుగాలనే చెప్పొచ్చు గదా?"

"నీ జుట్టు పందులకు అంటే ఎవరిస్తరక్కా?"

వజ్రమ్మ లోపలికి పోయి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. వాటిని ఇచ్చి స్టీలు బిందె తీసుకుందామని మూడేళ్లుగా, దువ్విన ప్రతిసారీ దాచుకున్న చిక్కు వెంట్రుకలవి. మేడ ఎక్కి డబ్బా మొత్తం సంచిలో బోర్లించింది.

తర్వాతి శనివారం, వెంట్రుకలకు స్టీలు సామాన్లు ఇచ్చే సైకిలాయన గల్లీలోకి వచ్చాడు. వజ్రమ్మ డబ్బా ఖాళీ అంటే నమ్మలేదు. పాత బేరం మరిచి ఇంకెవరికి ఇచ్చావని నిలదీశాడు.

"అడవిపందులకు ఇచ్చిన," అంది వజ్రమ్మ.

ఆయన చేతిలోని గిన్నె జారి కింద పడింది. అప్పుడే మెట్లు దిగొచ్చి గిన్నె అందుకోవడానికి వంగిన రాజనర్సయ్య, తలెత్తి, ఆయన భుజాల దాకా వేలాడుతున్న జుట్టు వంక చూస్తూ అట్లాగే ఆగిపోయాడు.

"అన్నా," అన్నాడు ప్రేమగా, "కటింగ్ ఎప్పుడు?"