డబల్ పడ్డ కాయితాలు

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివిన. మూడోసారి గూడ కూసుంటనంటే, "నువ్వు పుస్తకం కన్న పాతగైతున్నవ్, ఇంటికి పో" అన్నడు మా సారు. ఒకటే పాఠం మళ్ల మళ్ల వింటే ఏమొస్తదని నవ్వుకుంట ఇంటికొచ్చిన. ఏమొస్తదో తెలిసేటందుకు శానా ఏండ్లు పట్టింది. మొన్న దుకాణానికి సున్నం వేయిద్దామని సామాను బయట పెడుతుంటే, బీరువా కింది నుంచి నూనె మరకల కాయితం ఒకటి ఎల్లింది. పేజీ నిండ నాలుగే ఇంగ్లీషు అక్షరాలు, అవే అటూ ఇటూ మారుకుంట, సందు లేకుండ చీమల బారు లెక్క. చూడంగనే ఆ ఆదివారం యాదికొచ్చింది.

అప్పుడు పట్నం పక్కపొంటి అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులు. సాఫ్ట్‌వేరోళ్లు కార్లల్ల మొయినాబాద్ దాక వచ్చి, ఎంకపల్లి కాడ జొన్నచేను ముందట నిలవడి "వ్యూ బాగుంది" అనేటోళ్లు. కంకి మీది పిట్టలు గూడ నవ్వేటియి. మొయినాబాద్ చౌరస్తాల నాది జిరాక్స్ దుకాణం. పొద్దంత భూమి కాయితాలే: అమ్మేటాయన కాయితం, ఆయనకు అమ్మినాయన కాయితం, ఆ పైన తాతలనాటిది. రాసేటాయన పాతది ముందటేసుకొని కొత్తది ఎక్కిస్తడు. తాత కాయితంల "తూర్పున చింతచెట్టు" అని ఉంటే, ఆ చెట్టు పొయ్యిల కాలి బూడిదైనంక గూడ మనుమని కాయితంల పచ్చగ నిలవడే ఉంటది. ఒకసారి ఎవరో "తూర్పు"కు బదులు "తూపు" అని రాసిండు. ముగ్గురు పాలోళ్ల కాయితాలల్ల అదే "తూపు". ఆ తప్పు చూసి, ఈ మూడూ ఒక్క కాయితం నుంచి దిగినయని నేను కండ్లు మూసుకొని చెప్పేటోణ్ని. ఇంకో అలవాటు గూడ ఉండె. డబల్ పేజీ పోతే రిజిస్ట్రేషన్ ఆఫీసుల గుమాస్తా మొఖం మీద కొడ్తడు. అందుకని డబల్ పడ్డది కనవడితే ఏరి పక్కకు తీసుడే. తీసినవి పక్క మిర్చి బజ్జీల బండికి, పొట్లాలకు. బదులుగ సాయంత్రం నాకొక ప్లేటు.

ఆ ఆదివారం పొద్దున అక్క, అక్క బిడ్డ వచ్చిన్రు. పిల్ల పట్నంల పెద్ద ల్యాబుల పరిశోధన చేస్తుండె. మనిషి ఒంట్ల ఉన్న రాతను, డీఎన్‌ఏ అంటరట, చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్ రాతతోని పక్కపక్కన పెట్టి చూసే పని. "ఏం బిడ్డా, కోతులల్ల మనోళ్లు ఎవరన్న దొరికిన్రా?" అని ఎప్పుడొచ్చినా గెలికేటోణ్ని. "దొరికిన్రు మామా, అచ్చం నీ పోలికే" అనేటిది. ఐదేండ్ల చదువు ఒక్క సంచిల తెచ్చింది. తెల్లారి పదింటికి యూనివర్సిటీల ఐదు కాపీలు ఇయ్యాలె. తప్పితే ఇంకో ఆరు నెలలు ఆగాలె, చేతికొచ్చిన నౌకరి అందాక ఆగదు. ల్యాబుకు ఆదివారం తాళం, కంప్యూటర్ దాని లోపల. ఉన్నది ఈ ఒక్క ప్రింటే. పిల్ల చదువు ఒడిసిందని అక్క చిల్కూరు గుడిల నూటెనిమిది ప్రదక్షిణల మొక్కు తీర్చాలె. సంచి నా చేతిల పెట్టి ఇద్దరూ ఆటో ఎక్కిన్రు.

మాపటికి వచ్చేసరికి ఐదు కాపీలు బైండు చేసి, పెండ్లికొడుకు లెక్క కూసున్న. పిల్ల ఒకటి తెరిచి వెనకకు తిప్పింది. ఆగింది.

"మామా, చివరి పేజీలేవి?"

"డబల్ పడ్డయి బిడ్డా. ముప్పై దాక తీసేసిన. మీ మిషన్ ఏడనో ఇరుక్కున్నట్టున్నది."

పిల్ల ఇంకో కాపీ తెరిచింది, అండ్ల గూడ లేవు. "మామా," అన్నది, "ఆ డబల్ పడ్డదే నా థీసిసు."

ఉరికిన. బజ్జీలాయన చేతిలకెళ్లి కట్ట గుంజుకున్న. లెక్కవెడితే ఒకటి తక్కువ. మా పక్కూరు హిమాయత్‌నగర్ పోయే ఆటోల కూసున్న ఒకాయన ఒళ్లె దొరికింది, బజ్జీలతో సహా. "తిన్నయి గూడ వాపస్ కావాల్నా?" అన్నడు. పై అంచు ఆయన చింపేసిండు. అది ఏ జీవిదో చెప్పే పేరు ఆ అంచు మీదనే ఉండె.

పిల్ల ఏడ్సుకుంటనే చెప్పింది: మన ఒంటి రాతల సగానికి పైన ఇట్ల మళ్ల మళ్ల వచ్చేటిదేనట. మనకూ ఆ కోతులకూ అవే ముక్కలు. ఎవరిల ఎన్నిసార్లు వచ్చినయి, ఏ అక్షరం ఏడ మారింది అన్నది చూసే ఎవరు ఎప్పుడు వేరువడ్డరో తెలుస్తదట. "ఒకటే తప్పు, ఒకటే జాగల ఇద్దరిల ఉంటే, ఇద్దరికీ తాత ఒక్కడే మామా."

నా భూమి కాయితాలు యాదికొచ్చినయి. తూపు! నేను రోజూ చేసే పనే.

పేరు లేని కాయితాన్ని మనిషి కాయితం మీద పెట్టి ట్యూబులైటుకు ఎత్తిన, దొంగ సంతకం పట్టినట్టు. నూనె తాగింది గదా, అద్దం లెక్క కనవడ్డది. అక్షరం మీద అక్షరం కూసున్నది. పేజీ మొత్తం వెతికితే తేడాలు వేళ్ల మీద లెక్కవెట్టేటన్ని. వేలు పెట్టి చూపిస్తే, "ఈ మార్పు చింపాంజీది మామా" అని కండ్లు తుడుచుకున్నది. ఆ గుప్పెడు అక్షరాల అవతల చెట్టు మీద ఒకడు, ఇవతల జిరాక్స్ దుకాణంల నేను. ఇగ మళ్ల ఆమెను కోతుల మాటతోని గెలకలే.

అన్ని పేజీలు ఎక్కించి, నూనె కాయితం నాకాడనే ఉంచుకొని, ఐదింటినీ మళ్ల బైండు చేసిన. తెల్లారి పిల్ల టైముకు ఇచ్చింది, నౌకరి నిలవడ్డది. ఎంకపల్లి జొన్నచేన్ల ఇప్పుడు గోడలు, గేట్లు. ఏండ్లు గూడ అన్నీ ఒక్క తీరుగనే పోయినట్టు ఉంటయి, ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకు ఎత్తితే గని ఏ అక్షరం ఏడ మారిందో తెల్వది.

ఆ ఆదివారం రాత్రి పని ఒడిసినంక, పరువు దక్కించుకుందామని, "నాదేం తప్పు అక్కా, సూడనీకె అన్ని ఒక్క తీరువే గదా" అన్న. అరికాళ్లు ఒత్తుకుంట స్టూలు మీద కూసున్న అక్క, కొంగు ముడి ఇప్పి, సుట్టు సుట్టుకూ ఒక అంకె కొట్టేసిన ప్రదక్షిణల కార్డు తీసి నా ముందట పెట్టింది.

"ఇయ్యి గూడ అన్ని ఒక్క తీరువేరా. నీ చేతిల వడితే ఒక్క సుట్టు ఉంచి, నూటేడు బజ్జీల బండికి ఇస్తుంటివి."