అడగకముందు

ఆదోని మార్కెట్ వీధిలో ఎండుమిరపకాయల అంగళ్ళ ముందు నడిచేటప్పుడు ఇప్పటికీ నా కాళ్ళు ఒక్క క్షణం ఆగుతాయి. కొత్త బస్తా మూతి విప్పినప్పుడు లేచే ఆ ఘాటు అందరికీ తగులుతుంది, అంగడాయన కూడా తువ్వాలు మూతికి కట్టుకుని తుమ్ముతూనే ఉంటాడు. నాకు మాత్రం ఆ వాసనలో మా అమ్మ ఉంటుంది. సుగ్గి నుంచి వచ్చిన అమ్మ చీరల్లో, జుట్టులో, గోళ్ళ సందుల్లో ఉండిన వాసన అది. ఎన్నిసార్లు సబ్బుతో రుద్దినా అమ్మ చేతులు వారం దాకా మండుతూనే ఉండేవి, ఆ చేతులతో నా మొగం తడమడానికి కూడా భయపడేది.

సుగ్గి అంటే మా వైపు గుంటూరు పక్కకు మిరపకాయలు కోయడానికి పోవడం. మాది పెద్దకడుబూరు దగ్గర చిన్న పల్లె. నల్లరేగడి నేలలు. వాన పడితే కాలికి పలుగురాయంత బరువుగా బంక మట్టి అంటుకునేది, ఎండ కాస్తే అరచెయ్యి పట్టేంత పగుళ్ళు విచ్చుకునేవి. వినాయక చవితి పోయినాక శెనిక్కాయలు పీకే పని, ఆ తర్వాత పత్తి ఏరే పని. పత్తి ఏరే రోజుల్లో మా గేరిలో, అంటే మా వాళ్ళ వీధిలో, ప్రతి ఇంటి గడప దగ్గరా దూది పింజలు ఎగురుతా ఉండేవి, మా చినిగిన పరికిణీలకు, అచ్చనగండ్లు ఆడుకునే రాళ్ళకు, చివరికి జొన్నరొట్టె మీద కూడా ఒక పోగు అంటుకుని ఉండేది. పత్తి అయిపోయేసరికి క్రిస్మస్ వచ్చేది. వెదురు బద్దలు వంచి, రంగు కాగితాలు అతికించి, నాయన కట్టిన నక్షత్రం మా మట్టి మిద్దె మీద గాలికి టపటపా కొట్టుకునేది. ఓళిగలు, కజ్జికాయలు, ఎండబెట్టిన చింతచిగురు వేసి వండిన మాంసం, కొత్త గౌను గంజి వాసన, ఇవన్నీ ఒక్క వారం. ఆ వారం కాంగానే ఊరి బయట లారీ వచ్చి నిలబడేది. గిన్నెలు, గోనెలు, జొన్నపిండి మూటలు, చంటిపిల్లలు అన్నీ దాంట్లోకి ఎక్కేవి. సగం గేరి తలుపులకు తాళాలు పడేవి. ముసలివాళ్ళు, బడికి పోయే పిల్లలు మిగిలిపోయేవాళ్ళు.

నేను మా అవ్వ దగ్గర మిగిలేదాన్ని. అవ్వ అంటే నాయన వాళ్ళమ్మ, శాంతమ్మ. పొడుగ్గా, ఎండు కంది కట్టెలాగా ఉండేది. రోజంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది, కోడితో, మేకతో, పొయ్యిలో మండని కట్టెతో కూడా. తెల్లారకముందు ఒక్కటే అవ్వ మాట వినపడేది కాదు. జొన్నల కుండకూ గోడకూ మధ్య ఉన్న మూలలో గోనెపట్ట పరుచుకుని, చెంగు తలమీదికి లాక్కుని, మోకాళ్ళు మడుచుకుని కూర్చునేది. "ఉండావా సామీ" అని ఒక్క మాట అనేది. ఆ తర్వాత ఏమీ ఉండదు. నేను దుప్పట్లోనుంచి ఒక కన్ను తెరిచి చూసేదాన్ని. అవ్వ చేతులు ఒళ్ళో వెల్లకిలా ఉండేవి. ఎప్పుడూ ఏదో ఒక పని చేసే ఆ చేతులు ఖాళీగా ఉండడం ఆ ఒక్క సమయంలోనే చూసినాను. కాకులు అరిచే వేళకు ఆమె మొగం మెత్తబడేది, ఎవరో పరిచయస్తులు వచ్చి ఎదురుగా కూర్చున్నట్లు పెదవులు కొంచెం విచ్చుకునేవి. అప్పుడు మొదలుపెట్టేది అడగడం. అదీ గొణుగుతా, కొంచెమే. నాయన నడుము నొప్పి, అమ్మ చేతుల మంట, మేక ఈనడం, ఇట్లాంటివి.

నేను నాలుగో తరగతి చదివే ఏడు క్రిస్మస్‌కు ముందు, నేనూ ఆ మూలకు పోయి అవ్వ పక్కన కూర్చున్నాను. కళ్ళు మూసీ మూయంగానే, "యేసయ్యా, నాకు చెమ్కీలు కుట్టిన గౌను కావాలా, ఎర్రదే కావాలా" అని మొదలుపెట్టినాను. అవ్వ తన చెయ్యి తెచ్చి నా నోటికి అడ్డం పెట్టింది.

"ఆగమ్మే. ఆయప్ప వచ్చినాడా?"

"ఏమో, నాకేం తెలుసు?"

"మరి ఎవురిని అడుగుతాండావు? గోడనా?" అంది. నేను మొగం ముడుచుకున్నాను. అవ్వ నన్ను దగ్గరికి లాక్కుంది. "మీ నాయన సుగ్గి నుంచి వచ్చినాడనుకో. వచ్చీ రాంగానే సంచిలో ఏముందా అని సూస్తావా, మొగం సూస్తావా?"

నేను నిజమే చెప్పినాను. "సంచి చూస్తా."

అవ్వ పగలబడి నవ్వింది. మేక కూడా అరిచింది. "ఈసారి మొగం సూడు" అంది. "సంచి యాడికీ పోదు."

ఆ ఏడు క్రిస్మస్ అయినాక లారీ ఎప్పటిలాగే వచ్చింది. అమ్మ ఎప్పటిలాగే ఎక్కేముందు నా జడ విప్పి మళ్ళీ గట్టిగా వేసింది, తను తిరిగి వచ్చేదాకా ఊడకూడదన్నంత గట్టిగా. అప్పటికే అమ్మకు దగ్గు ఉండింది. పత్తిలో దుమ్ము అని అందరూ అన్నారు, అమ్మ కూడా అదే అంది. మిరప చేనులో ఆ దగ్గు ఏమైందో నాయన ఎప్పుడూ సరిగా చెప్పలేదు. మిరపకాయల కుప్పల పక్కనే పట్టాల గుడిసెల్లో పడుకునేవాళ్ళమని, రాత్రంతా దగ్గి తెల్లారి మళ్ళీ చేనులోకి దిగేదని, వద్దంటే వినలేదని, అంతవరకే చెప్పేవాడు.

అందరూ రావలసిన సమయానికి చాలా ముందే, ఒక మధ్యాహ్నం, ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఆటో మా గేరి మొదట్లో నిలబడింది. నేను బడి నుంచి అన్నానికి వచ్చి ఉన్నాను. నాయన దిగినాడు. పరిగెత్తుకుంటూ పోయినాను. అవ్వ చెప్పిన మాట నాకు గుర్తుంది, అందుకే నాయన చేతిలోని సంచి వైపు చూడలేదు. మొగం చూసినాను. ఆ తర్వాత ఆటోలో వెనక ఒరిగి కూర్చున్న అమ్మ మొగం చూసినాను. బుగ్గలు లోపలికి పోయి, పళ్ళు ముందుకొచ్చి, కళ్ళు మాత్రం పెద్దవై ఉన్నాయి. నన్ను చూసి నవ్వబోయి దగ్గింది. నాయన చంటిబిడ్డను ఎత్తుకున్నట్లు ఆమెను ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చినాడు.

ఆదోనిలో ఆస్పత్రికి తీసుకుపోయినారు. అక్కడి డాక్టరమ్మ మంచామె, పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగానే చెప్పిందంట, ఊపిరితిత్తులు రెండూ బాగా చెడిపోయినాయని, ఇంత ఆలస్యం చేయకుండా ఉండాల్సిందని. కొన్నాళ్ళు అక్కడ ఉంచుకుని మందులిచ్చి, ఇంక ఇంటి దగ్గరే చూసుకోండి అని పంపినారు. ఆ మాటకు అర్థం నాకు తప్ప అందరికీ తెలిసింది.

ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమదినాలు నడుస్తున్నాయి. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. మిద్దె మీది చౌడుమట్టి వేడెక్కి ఇల్లంతా పొయ్యిలాగా ఉండేది. సాయంత్రాలు చర్చి నుంచి అయ్యగారు, గేరిలో మిగిలిన ఆడవాళ్ళు వచ్చి అమ్మ చుట్టూ మోకరించి గట్టిగా ప్రార్థన చేసేవాళ్ళు. అయ్యగారు వయసులో చిన్నాయన, కన్నీళ్ళు కారుస్తూ నిజంగా ఏడ్చేవాడు. ఆ గొంతులన్నీ కలిసి లేచినప్పుడు ఇంటి పైకప్పు తెరుచుకుని ఏదో దిగివస్తుందేమో అనిపించేది నాకు. అవ్వ మాత్రం ఆ గుంపులో నోరు విప్పేది కాదు. ఒకరోజు అయ్యగారు పోయేముందు గడప దగ్గర నిలబడి, "శాంతమ్మా, నువ్వు కూడా అడగల్ల. మీ ఇంటి పెద్ద నువ్వు" అన్నాడు. అవ్వ తల ఊపింది, అంతే.

నాకు కోపం వచ్చింది. తెల్లారకముందు అవ్వ లేచి ఆ మూలలో కూర్చోవడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కాకులు అరిచేవి, మేకకు ఆకలయ్యేది, ఎండ గడప దాటి లోపలికి వచ్చేది, అయినా అవ్వ పెదవులు కదిలేవి కావు. ఒక పొద్దున ఓర్చుకోలేక పోయి ఆమె భుజం పట్టుకుని ఊపినాను.

"అవ్వా, అడుగు. అమ్మకు బాగుచెయ్యమని అడుగు. ఇంకెప్పుడు అడుగుతావు?"

అవ్వ కళ్ళు తెరిచింది. ఆ మొగంలో మెత్తదనం లేదు. చెంగు తలమీది నుంచి జారిపోయి ఉంది.

"రాలేదమ్మే" అంది.

"ఎవరు?"

"ఆయప్ప. మీ అమ్మ ఇల్లు చేరిన కాడ్నుంచి రోజూ కూసుంటాండా. ఎవురూ రాల్యా. మూల మూలగానే ఉండాది." గొంతు తగ్గించి, అమ్మకు వినపడకుండా, "ఇన్నేండ్లలో ఎప్పుడూ ఇట్లా ల్యాదమ్మే" అంది.

అప్పుడు నాకు పుట్టిన భయం, అమ్మ దగ్గులో రక్తం చూసినప్పుడు కూడా పుట్టలేదు. నేను ఆ మూలలోనే, గోడకు తల ఆనించి, వచ్చినాడా రాలేదా అని చూడకుండా, అమ్మను బతికించు, బతికించు, బతికించు అని అడిగినాను. గొంతు ఎండిపోయేదాకా అడిగినాను. అవ్వ ఈసారి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టలేదు. నాతో పాటు అడగనూ లేదు.

ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం దగ్గర పడే రోజుల్లో అమ్మకు మాట తగ్గిపోయింది. ఒక పొద్దున అవ్వ మూలలో నుంచి లేచి గంజి కాయడానికి పోతుంటే అమ్మ చెయ్యి ఎత్తి పిలిచింది. అవ్వ వంగింది.

"అత్తా, నాకోసమని ఏమీ అడగొద్దులే" అంది అమ్మ. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కొక్క మాట వచ్చింది. "నా తావ కూచో. ఊరికే కూచో."

అవ్వ పోయి గోనెపట్ట తెచ్చుకుంది. అమ్మ మంచం పక్కన నేల మీద పరుచుకుని, చెంగు తలమీదికి లాక్కుని, మోకాళ్ళు మడుచుకుని కూర్చుంది. ఎప్పుడూ ఒళ్ళో ఖాళీగా వెల్లకిలా ఉండే చేతుల్లో అమ్మ చెయ్యి ఉంది. ఆ పూటంతా అట్లాగే కూర్చుంది. నాయన గడపలో కూర్చున్నాడు. నేను అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆ ఇంట్లోకి ఆ పూట ఎవరో వచ్చినారని, ఏదో చల్లదనం తగిలిందని రాయాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది. చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళు అట్లాగే చెబుతారు. కానీ నేను అక్కడే ఉన్నాను. ఈగలు ఉన్నాయి, ఎండ ఉంది, అమ్మ ఊపిరి ఉంది. మధ్యాహ్నం దాటినాక ఊపిరి లేదు. అవ్వ చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు, నాయన వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడిపించినాడు.

ఈస్టర్ తెల్లవారుజామున గేరి వాళ్ళు కొవ్వొత్తులు తీసుకుని సమాధుల దగ్గరికి పోయి పాటలు పాడతారు. ఆ ఏడు అమ్మ మట్టి ఇంకా పచ్చిగానే ఉండింది. లేచినాడు, లేచినాడు అని అందరూ పాడుతుంటే నేను ఆ మట్టినే చూస్తా నిలబడినాను.

నాయన ఆ మరుసటి ఏడు కూడా సుగ్గికి పోయినాడు. అవ్వ ఆ తర్వాత కూడా రోజూ తెల్లారకముందు లేచి కూర్చునేది. నేను పెద్దదాన్నై, ఎమ్మిగనూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటూ సెలవులకు వచ్చినప్పుడు కూడా అదే మూల, అదే కూర్చోవడం. పగటిపూట మాటలు మాత్రం తగ్గిపోయినాయి, కోడితో కూడా మాట్లాడేది కాదు. ఒకసారి ఆమెకు తల దువ్వుతూ అడిగినాను.

"అవ్వా, మళ్ళీ ఎప్పుడన్నా వచ్చినాడా?"

"ల్యాదు."

"మరెందుకు కూచుంటావు?"

 "వచ్చినప్పుడు నేను ల్యాకపోతే?" అంది.

ఆ మాట అన్న ఏడాదే, వానాకాలంలో, అవ్వ పోయింది. నిద్రలోనే పోయింది కాబట్టి ఏమైనా చూసిందో లేదో అడగడానికి లేదు. ఆ తర్వాత వానలకు మిద్దె కుంగింది, పెళ్ళై ఆదోనిలో ఉంటున్న నా దగ్గరికి నాయన వచ్చేసినాడు, గోడలు ఎవరూ ఎత్తలేదు. లారీలు మాత్రం ఇప్పటికీ క్రిస్మస్ దాటంగానే మా వైపు పల్లెలకు వచ్చి నిలబడుతున్నాయి.

నేను ఇక్కడ ఒక బళ్ళో పాఠాలు చెబుతాను. ఆదివారాలు చర్చికి పోతాను. మానలేదు, ఎందుకు మానలేదో నాకే తెలియదు. అవ్వ కాలంలో ముసలమ్మలు ఆరాధనకు చాలా ముందే వచ్చి, చాపల మీద వరసగా కూర్చుని, గంట కొట్టేదాకా ఒక్క మాట లేకుండా ఉండేవాళ్ళు. ఇప్పుడు ఆ ముసలమ్మలు లేరు. చాపలు పోయి కుర్చీలు వచ్చినాయి. తలుపు తీయంగానే కీబోర్డు మొదలవుతుంది, మైకులో ఒక్కొక్కరి అక్కరలు చదువుతారు, ఉద్యోగాలు, వీసాలు, ఆపరేషన్లు. చదివేవాళ్ళను నేను తప్పు పట్టను. నా మొగుడి పేరు కూడా మొన్న అందులో చదివించినాను.

పోయిన ఆదివారం ఎవరూ రాకముందే పోయి ముందు వరసలో కూర్చున్నాను. కొంగు తలమీదికి లాక్కున్నాను. ఏమీ అడగకుండా ఉండాలని చూసినాను. ఫ్యాను తిరుగుతా ఉంది. రోడ్డు మీద బస్సు హారన్. ఎవరూ రాలేదు. కాసేపటికి ఒక చిన్న వయసు తల్లి, జ్వరంతో వేలాడుతున్న బిడ్డను భుజాన వేసుకుని, ఎదురుగా నేల మీద చతికిలబడి, కళ్ళు మూసుకునే తీరిక కూడా లేకుండా అడగడం మొదలుపెట్టింది, ఏడుస్తూ, బిడ్డ పేరు మళ్ళీ మళ్ళీ చెబుతూ. నేను కుర్చీ దిగి, కింద ఆమె పక్కన కూర్చుని, బిడ్డ కాళ్ళు నా ఒళ్ళోకి తీసుకున్నాను. కాళ్ళు కాలిపోతున్నాయి.