ఇన్షిరాహ్ చెప్పని బరువు

మహల్లా పట్టణంలో ఇన్షిరాహ్ మేడ మీద పెద్దబాతులు పెంచి అమ్మేది. ఎన్నున్నాయని అడిగితే, గూడు నిండా ఉన్నా "ఏదో, నాలుగైదు" అనేది. కొడుకు పుట్టినప్పుడు ఏడాది పాటు గౌను తొడిగి, ఆడపిల్లేనని వాడవాళ్ళందరినీ నమ్మించింది. నరుడి కంటికి నాపరాయైనా పగులుతుందని ఆమెకు గట్టి నమ్మకం. ఉన్నది ఉన్నట్టు చెప్పుకునేవాళ్ళను చూస్తే జాలి.

కాలు విరిగి, పిండికట్టుతో వారాల తరబడి మంచంలోనే ఉన్న ఆమెకు ఒక ఉదయం హఠాత్తుగా ఊపిరాడలేదు. కాల్లో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తుల్లోకి చేరిందని ఆసుపత్రిలో డాక్టర్ నెర్మీన్ తేల్చింది.

"బరువెంత పెద్దమ్మా? దాన్నిబట్టే సూదిమందు."

లేచి కాటా మీద నిలబడే స్థితి కాదు. పక్క మంచం మీదేమో సబ్రియా. ఆమె మెచ్చుకున్న గేదె మర్నాటికల్లా పాలివ్వడం మానేసిందని ఊరంతా చెప్పుకుంటారు. ఇన్షిరాహ్ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

"తొంభై కిలోలు."

డాక్టర్ అనుమానంగా చూసింది గానీ, వరండా నిండా రోగులు ఎదురుచూస్తున్నారు. తొంభైకి సరిపడా మందే ఇచ్చింది.

సాయంత్రానికి ఆయాసం తగ్గకపోగా పెరిగింది. పెదాలు నీలంగా మారాయి. ముక్కుకు గొట్టం పెట్టినా గాలి చాలడం లేదు. కళ్ళు మూస్తే మళ్ళీ తెరుస్తానో లేదోనని ఇన్షిరాహ్ రెప్ప వేయడానికి కూడా జంకింది.

"మందు చాల్లేదని నెత్తురు పరీక్షలో తేలింది," అంది నెర్మీన్. "నిజం చెప్పు పెద్దమ్మా. తక్కువిస్తే ఇంకో గడ్డ వచ్చి పడుతుంది. ఎక్కువిస్తే నెత్తురు కారడం ఆగదు. గుడ్డిగా ఇవ్వలేను."

ఇన్షిరాహ్ చూపు సబ్రియా మీదికి పోయింది. చెబితే దిష్టి, చెప్పకపోతే చావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సబ్రియాకు అర్థమైంది. అలాంటి చూపులు ఆమెకు కొత్త కాదు.

"నన్ను చూసేనటే నీ భయం? నా కళ్ళకంత బలముంటే మా ఆడబిడ్డ ఎప్పుడో పోయుండేది!" అంటూ తలగుడ్డ ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది. చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది. "ఇదిగో, చూడను, వినను. చెప్పి చావవే, బతుకుతావు!"

"బక్రీదుకు పొట్టేళ్ళ కాటా ఎక్కి చూసుకున్నా," అంది ఇన్షిరాహ్. "నూట నలభై ఆరు." అని భోరుమంది.

నెర్మీన్ పరుగున వెళ్ళి మందు తెచ్చింది. అది పనిచేసేదాకా ఇన్షిరాహ్ ఒక్కో ఊపిరినీ బతిమాలుకుంటూ, సబ్రియా వీపునే చూస్తూ పడుకుంది. చాలాసేపటికి సబ్రియా చెవుల్లోంచి వేళ్ళు తీసింది. ముఖం మాత్రం తిప్పలేదు.

"ఊపిరాడుతోందా?"

ఆడుతోంది. పొద్దుటి నుంచీ ఇంత గాలి లోపలికి పోలేదు.

"ఏదో, కొంచెం," అంది ఇన్షిరాహ్.