వలకు పాత పేరు, మా నాయన ముడి

ఆ పత్రిక తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అరవైల మొదట్లో నెల్లూరులో బి.ఏ. చదివేవాణ్ణి. అల్లూరు అవతల సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఇల్లు మాది. మా వాడలో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదట. ఒకరోజు మా ఇంగ్లీషు సారు బోర్డు మీద నక్షత్రం గుర్తు పెట్టి, పక్కన ‘నట్యం’ అని రాశారు. ఇంగ్లీషుకూ జర్మనుకూ తల్లిలాంటి పాత భాషలో వలకు పేరట అది. ఏ రాతి మీదా లేదు. పిల్లల ముఖాలను బట్టి చచ్చిపోయిన తల్లి ముఖం ఊహించినట్టు, ఇంగ్లీషు నెట్, జర్మను నెట్స్, స్వీడిష్ నేట్ పక్కపక్కన పెట్టి పండితులు కట్టిన మాట. ఊహించిందేనని ఒప్పుకోవడానికే ఆ నక్షత్రం.

వల సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు నెలలు లైబ్రరీలో లావుపాటి నిఘంటువులు తిరగేసి వ్యాసం రాశాను. ఆ మాటకు మూలం ముడివేయడమనీ, మన సంస్కృతంలో ‘కట్టినది’ అనే అర్థమున్న నద్ధం కూడా ఆ వంశానిదేననీ కొందరంటారు. వల నేసేది కాదు, ముడివేసేది. అదెలాగో చూపించడానికి మా నాయన ఒకరోజు వేట మానుకున్నాడు. ముడికీ ముడికీ మధ్య వల కన్ను ఎంతుండాలో వేళ్లతో కొలుచుకుంటూ, నేను బొమ్మ గీసుకునేదాకా ముడి వేసి విప్పి మళ్లీ వేశాడు. ఆ పూట మా పొయ్యిలో పిల్లి లేవలేదు.

“ఏరా, నా పేరు గూడా అచ్చేస్తారా?” అన్నాడు.

“ఏస్తారు నాయనా” అన్నాను.

వ్యాసం సారు చేతిలో పెట్టాను. “దిద్ది పత్రికకు పంపుతాలేవోయ్” అన్నారు. గుడ్డిగా నమ్మాను. ఆరు నెలలకు అచ్చయింది. నా వాక్యాలే, నా బొమ్మే. పేరు మాత్రం సారుది. మా నాయన ఊసే లేదు. నమ్మించి గొంతు కోయడమంటే అదే. అడుగుదామంటే నా మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి.

మా నాయనకు చదువు రాదు. బొమ్మ చూసి తన ముడి గుర్తుపట్టి, “నా పేరు యాడుందో చదువు” అన్నాడు. పిరికివాణ్ణి. సారు పేరు మీద వేలు పెట్టి మా నాయన పేరు చదివాను.

మేలు చేసినవాళ్లకు వేటలో మంచి చేప పంపకపోతే మావాళ్లకు నిద్రపట్టదు. మర్నాడు పడిన పెద్ద వంజరాన్ని మా నాయన అమ్మకానికి పోనీయలేదు. తాటాకు బుట్టలో పెట్టి, “మా నాయన పేరు అచ్చేసినందుకని చెప్పి మీ సారుకియ్యి” అన్నాడు.

నెల్లూరుకు మోసుకుపోయి సారు గుమ్మంలో నిలబడ్డాను. మా నాయన చెప్పమన్నది అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

సారు నా ముఖం చూడలేదు. బుట్టలోకి వంగి, “తాజాదేనా?” అని అడిగారు.